బాలింత గదికి గాలి

తలుపు దగ్గరికి ఏసిన, గడియ పెట్టలే. గడియ పెడితే బయటోళ్ళకు అనుమానం, పెట్టకుంటే నాకు అనుమానం, ఎవరన్న సప్పుడు గాకుండ జర సందు చేసి సల్లగాలి లోపటికి ఇడిస్తరేమోనని. అందుకే స్టూలు తలుపుకు ఎదురుంగ ఏసుకొని కూసున్న. ఆరైంది. ఏడు కొట్టేదాక గీ ఎనుక గదిల నేనొక్కన్నే. గోడకున్న థర్మామీటరు ఇరవై ఏడు సూపెడుతుంది. బయట తులసిగద్దె మీద పెట్టింది పదకొండు. నస్పూర్‌ల డిసెంబర్ పొద్దుగాల గింత సలి కొత్తేం కాదు గని, థర్మామీటర్లు రెండూ ఒక్క దుకాణంలనే కొన్న, రెండూ ఒక్కతీరుగ అబద్ధం ఆడుతలేవని నమ్మకమేంది. ఆడితే ఆడనీ. పరీక్ష మూడు ముక్కల్ల ఉన్నది. గంటసేపట్ల గదిల వేడి ఇరవై ఆరు కంటె కిందికి దిగొద్దు. ఊదుబత్తి పొగ పోయే గొట్టం దిక్కు తిన్నగ పోవాలె. నా తలకాయ నొయ్యొద్దు. మూడూ అయితే నా బిడ్డ వందన పగటాల్లకు దవాఖాన నుంచి పసిగుడ్డును ఎత్తుకొని గీ గదిలకే వస్తది. ఒక్కటి తప్పినా పెద్దింట్ల నడిమి అర్రలకు పోతది, కిటికీల సందులన్ని గుడ్డలతోటి కుక్కుతరు, మంచం కింద శంకరవ్వ బొగ్గుల కుంపటి పెడ్తది. బాలింతకు సల్లగాలి తాకితే సన్నిపాతం వస్తదని శంకరవ్వ మాట. గీ వాడకట్టుల పుట్టిన ప్రతి పిల్లకు లాలపోసింది ఆమెనే, ఆమె మాట కాదనేటోళ్ళు ఎవ్వలున్నరు. నేను కాదన్న. కాదంటే చేసి సూపెట్టుమన్నది. చేసిన. ఇగో, కూసున్న.

నేను చేసిన గాలి పెట్టె నా తలకాయ మీద, పై మూలకు, సప్పుడు చేస్తుంది. రెండు చిన్న ఫ్యాన్లు, పాత కంప్యూటర్లల్లయి, ఒకటి తోలేది, ఒకటి గుంజేది. సన్నగ గుయ్యిమంటున్నయి. గా సప్పుడు నాకు నచ్చదు, సప్పుడు చేసేది ఎప్పుడో ఒకప్పుడు ఆగుతది. ముప్పై నాలుగేండ్లు బెల్లంపల్లి బొగ్గుబాయిల గాలి పనే చేసిన నేను. బొగ్గు కొట్టేటోళ్ళు వేరు, నేను వేరు, ఏ దారి నుంచి గాలి రావాలె, ఏ దారి నుంచి పోవాలె, ఎక్కడ గోడ కట్టాలె, ఎక్కడ తారు పర్దా కట్టాలె, గదే నా పని. గాలిని నమ్మొద్దని మొదటి రోజే చెప్పిండ్రు. కనవడది, వాసన రాదు, మంచిగున్నట్టే ఉంటది, మనిషి మెల్లగ కూలవడ్తడు. గందుకే గీ పెట్టె లెక్క మూడు నెలలు నోటుబుక్కుల గీసిన. గది పదీ పన్నెండు, ఎత్తు తొమ్మిది, గంటకొక్కసారి గదిల గాలంత మారాలె. గాలిని బయటికి తోలుడు ఎవలకైనా వస్తది, తోలితే దాంతోటి వేడి కూడ పోతది గదా, గదే లొల్లి. పోయే గాలికి వచ్చే గాలికి నడుమ సన్నని రేకు పెడితే, పోయేది తన వేడిని రేకుకు ఇచ్చి పోతది, వచ్చేది గా వేడిని అందుకొని లోపటికి వస్తది. గాలీ గాలీ కలవొద్దు, వేడి ఒక్కటే దాటాలె. కరీంనగర్‌ల ప్రెస్సోళ్ళు వాడి పడేసే అల్యూమినియం రేకులు తెచ్చిన, ముప్పై ఒకటి, పెండ్లికార్డుల అచ్చు ఇంక మాసిపోలే వాటి మీద, ఎవలదో శుభముహూర్తం, ఎవలదో విందు. రేకు రేకుకు నడుమ వెదురు బద్దలు, మూలమూలకు సిలికాను. మొదటి గీతల రెండు గొట్టాలు ఒక్క గోడకే పెట్టిన. మూడు రోజులు నిద్ర పట్టలే, ఎక్కడ తప్పున్నదో ఎరుకైతలే, నాలుగోనాడు తెలిసింది. బయటికి పోయిన పాడుగాలే పక్క గొట్టంల నుంచి మొఖం కడుక్కొని మళ్ళ లోపటికొస్తది. ఇప్పుడు వచ్చే గొట్టం ఉత్తరం గోడకు, పోయే గొట్టం తూర్పు గోడకు ఉన్నయి.

వచ్చే గొట్టం మూతి కాడ చెయ్యి పెట్టిన, గోరువెచ్చగనే ఉన్నది. చిన్న థర్మామీటరు పెట్టి సూసిన, ఇరవై రెండు. పదకొండుల లోపటికి దూరి ఇరవై రెండుల ఎల్లింది. గింత మంచిగ రానీకి లేదే, నేను చేసింది గింత మంచిగ పనిచేస్తదా. ఎక్కడో రేకు ఇరిగి రెండు గాలులు కలుస్తున్నయేమో, కలిస్తే కూడ గిట్లనే వెచ్చగ వస్తది. నిన్న పొగబెట్టి సూసిన, కలుస్తలేవు. నిన్న కలవలే, ఇయ్యాల కలిస్తే? రాత్రి సలికి సిలికాను గుంజుకుంటే? గదిల మూలకు వేడికి రెండు బల్బులు ఎలుగుతున్నయి, కోడిపిల్లల షెడ్డుల్ల పెట్టే రకం. బొగ్గు లేదు, పొగ లేదు. నేను పెట్టిన ఒక్క షరతు గదే, గీ గదిల బొగ్గు అడుగు పెట్టొద్దు. శంకరవ్వ నవ్వింది, బాయిల పనిచేసి బొగ్గంటే భయపడ్తవా హనుమండ్లూ అన్నది. షార్జాలున్న నా అల్లుడు శ్యాంసుందర్ కూడ ఫోన్ల నవ్వినట్టే అనిపించింది. వాడు అక్కడ ఏసీ గొట్టాలు బిగిస్తడు. మామా, సలి దేశాలల్ల ప్రతి ఇంట్ల గిసొంటియి ఉంటయట, రెడీమేడు దొరుకుతయి, నువ్వెందుకు తిప్పలు పడుతవ్ అన్నడు. మంచికే అన్నడో, ముసలోడు పసిగుడ్డును పెట్టి పరీక్ష చేస్తుండని అనుకున్నడో, ఫోన్ల మొఖం సగమే కనవడె. వందన మాత్రం దవాఖాన మంచం మీది నుంచి, బాపూ నువ్వు చేసింది నాకు మంచిగనే ఉంటది అన్నది. గంత జల్ది ఎందుకు ఒప్పుకున్నదో గది కూడ నాకు తెల్వది.

అందరికన్న నా భార్య బాలలక్ష్మి మీదనే నాకు ఎక్కువ అనుమానం. శంకరవ్వ లొల్లి చేసింది, లొల్లి చేసేటోళ్ళ తోటి ఫికర్ లేదు, మనసులున్నది బయటవడ్తది. బాలలక్ష్మి ఏమన్నది? సూద్దాం అన్నది. మూడు నెలల్ల నేను రేకులు కోస్తుంటే, గోడకు బొర్ర కొడ్తుంటే, గదే మాట. వద్దనలే, మంచిదనలే. మొన్న కొండగట్టుకు పోయి అంజన్న దారం తెచ్చింది. పసిగుడ్డు చేతికి కడ్తదనుకున్న. తెచ్చి పోయే గొట్టానికి కట్టింది, బయట, తూర్పు గోడ కాడ. గొట్టానికెందుకు దారం? ఇది ఆగుతదని ఆమెకు నమ్మకం గావచ్చు, ముందుగాలనే దేవునికి అప్పజెప్పింది. లేకుంటే గా గొట్టం కాడికి పోనీకి ఒక సాకు పెట్టుకున్నది. పొద్దున నేను గదిలకు వస్తుంటే ఆమె శాలువ కప్పుకొని వాకిట్ల నిలవడ్డది. పొయ్యి ముట్టియ్యలే, చాయ పెట్టలే, నీళ్ళు కాగబెట్టలే. బిడ్డ వచ్చే రోజు ఇంట్ల ఎన్ని పనులుంటయి, ఉత్తగ నిలవడ్డది. నేను సూడంగనే మొఖం తిప్పుకున్నది.

ఆరుంబావు. ఇరవై ఏడుకు సూదంత కిందికి. పొగ తిన్నగ పోతుంది, తాడు పట్టి గుంజినట్టు గొట్టం దిక్కు. బాయిల కూడ గిట్లనే సూస్తుంటిమి, ఊదుబత్తి ముట్టిచ్చి కాదు గాని, సున్నంపిండి ఇట్ల చేతుల ఎగరేసి, ఎటు పోతదో సూసి దారి మాట్లాడుకుంటుంటిమి. పోతుంది, పోతుంది, మంచిగ పోతుంది. ఆగింది. ఆగింది, నా కండ్ల ముంగట్నే, పొగ గొట్టం మూతి కాడ నిలవడి రెండు దిక్కులకు సాపుకున్నది. ఫ్యాను గుయ్యిమంటనే ఉన్నది, సప్పుడు జర బరువైంది. ఎవలో బయట గొట్టం మూతి మూసిండ్రు. లెక్కబెట్టిన, ఒకటి, రెండు, తొమ్మిది దాక. మళ్ళ గుంజింది పొగను. లేసి పోదామనుకున్న, తలుపు తీస్తే పరీక్ష ఖరాబైతది, అప్పుడు శంకరవ్వ, సూసినవా హనుమండ్లు గంటసేపు కూసోలేకపోయిండు అంటది. కూసున్న. గాలే ఎదురు కొట్టిందేమో. పొద్దుగాల గాలి గీ నెలల తూర్పు నుంచి కొట్టదే. మనిషి పనే ఇది.

బెల్లంపల్లిల క్వార్టరు గోడలు గూడ గిట్లనే సున్నం ఏసి ఉంటుండె. ఎందుకు యాదికొస్తుంది ఇప్పుడు. ముప్పై ఎనిమిదేండ్లాయె. గప్పుడు కూడ డిసెంబరే. మా మొదటి బిడ్డ, ఆడపిల్ల, తొమ్మిది రోజులది, ఇంక పేరు పెట్టలే, ఇరవై ఒకటో నాడు పెడ్దామనుకున్నం. నేను మూడో షిఫ్టు చేసి పొద్దుగాల వచ్చిన. తలుపు తీస్తే గది మస్తు వెచ్చగ ఉన్నది, గా వెచ్చదనం ఇప్పటికి నా చెంపలకు తాకుతది. మంచం కింద కుంపటి, బొగ్గులు బూడిదయినయి. బాలలక్ష్మి సగం తెలివి తప్పి ఉన్నది, పిలిస్తే కండ్లు తెరుస్తుంది, మాట వస్తలేదు. పిల్ల ఎర్రగ ఉన్నది, పండు తీరు, నిద్రపోయినట్టే. గా ఎరుపు సూడంగనే నాకు తెలిసింది, బాయిల పాడుగాలి మింగి సచ్చినోళ్ళయి గసొంటి మొఖాలు రెండు సూసిన నేను. గాలి సోకింది అన్నరు అందరు. కుంపటి ఎవరు పెట్టిండ్రు అని ఒక్క మాట అడిగిన. బాలలక్ష్మి కండ్లు మూసుకున్నది. గంతే. మళ్ళ ఆ ముచ్చట మా ఇంట్ల రాలే. వందన పుట్టనీకి పదేండ్లు పట్టింది, ఎండాకాలంల పుట్టింది, అయినా నేను నెల రోజులు సెలవు పెట్టి గుమ్మం కాడ కూసున్న, పెండ్లాం చేతుల కుంపటి కనవడ్తదేమోనని. ఆమె పొయ్యిల నుంచి నిప్పు తీస్తుంటే ఇప్పటికి నేను సూస్తుంట. ఆమెకు ఎరుకే, నేను సూస్తున్నని.

ఆరున్నర. ఇరవై ఆరున్నర. మళ్ళ ఆగింది పొగ. ఈసారి పన్నెండు దాక లెక్కబెట్టిన. తూర్పు గోడ అవతల గాజుల సప్పుడు వినవడ్డట్టయింది. ఆమెనే. ఏం చేస్తుంది, గుడ్డ కుక్కి తీస్తుందా, కుక్కితే ఎంతసేపుల నేను బయటికి ఉరుకుతనో సూస్తుందా. గీ పరీక్ష ఓడిపోవాలని ఉన్నదా ఆమెకు. శంకరవ్వ తోటి ఒక్కటయిందా. ఒక్క బిడ్డను కుంపటికి ఇచ్చింది సాలదా. గింత మాట నేను ఎన్నడు అనలే, మనసుల గూడ గింత మోటుగ అనలే, ఇయ్యాల వచ్చింది. తలకాయ నొస్తుందా? లేదు. నొస్తలేదు. మనసు తేటగనే ఉన్నది. గది మంచిగ వెచ్చగ ఉన్నది, గాలి తాజాగ ఉన్నది, ఊపిరి తేలిగ్గ ఆడుతుంది. గదే, ఊపిరి తేలిగ్గ ఆడుతుంటే ఆలోచన ఎటు వద్దంటే అటే పోతుంది.

కుంపటి ఒక్కటే అయితే ఆ పిల్ల సావకపోతుండె. గీ లెక్క మూడు నెలల సంది నా నోటుబుక్కుల ఉన్నది, నేనే గీసిన, నేనే సూస్తలేను. అప్పుడు క్వార్టర్లల్ల ప్రతి ఇంట్ల బాలింత మంచం కింద కుంపటి ఉంటుండె, పిల్లలు బతుకుతుండిరి. ఎందుకంటే ప్రతి గదికి పైన ఒక వెంటిలేటర్ ఉంటుండె, అద్దం లేనిది, పిచ్చుకలు పొయ్యొచ్చేది. పాడుగాలి దాంట్లకెల్లి పోతుండె. మా గదిల వెంటిలేటర్ మూసి ఉండె. ఎవరు మూసిండ్రు. మా అవ్వ మూసిందని కొన్నేండ్లు అనుకున్న. అవ్వకు గంత ఎత్తు చెయ్యి అందదు. బాలలక్ష్మే పక్కింటోళ్ళతోటి మూపిచ్చిందని కొన్నేండ్లు. పక్కింటోళ్ళ దగ్గర తారు పర్దా యాడిది. బాయిల గాలికి అడ్డం కట్టే పర్దా అది, తారు పట్టిచ్చింది, సూదంత గాలి దూరదు. బాయి పనోళ్ళ ఇండ్లల్ల తానం కాడ మరుగుకు కట్టుకునేటోళ్ళం, కప్పుకు ఏసుకునేటోళ్ళం. మా ఇంట్లకు తెచ్చింది నేను. ఎనిమిదో నాడు, షిఫ్టుకు పోయే ముందు, స్టూలు మీదికెక్కి, నాలుగు దిక్కుల పట్టీలు ఏసి మేకులు కొట్టింది నేను. కిందికి దిగి చెయ్యి పెట్టి సూసి, ఇగ సీమ దూరేంత సందు లేదు అన్న. బాయిల నాకన్న మంచిగ పర్దా కట్టేటోడు లేడని పేరుండె నాకు. బాయిల కట్టేటప్పుడు గాలికి ఇంకో దారి సూస్తుంటి. ఇంట్ల సూడలే. ఇల్లు బాయి కాదనుకున్న. తెల్లారి వచ్చి, పిల్లను సూసి, అందరు రాకముందే స్టూలు ఎక్కి పర్దా పీకి సంకల పెట్టుకొని, ఎనుక మురుగునీళ్ళ నాలీల పడేసిన. గాలి రానీకి పీకిన అనుకున్న. గాలి రానీకి పీకితే నాలీ దాక మోసుకపోవుడెందుకు. పోయి వచ్చి అడిగిన, కుంపటి ఎవరు పెట్టిండ్రు అని.

పావుతక్కువ ఏడు. ఊదుబత్తి అయిపోయింది, రెండోది ముట్టియ్యనీకి చెయ్యి వస్తలేదు. ముట్టిచ్చిన. పొగ తిన్నగ పోయింది, మళ్ళ ఆగింది. ఈసారి లెక్కబెట్టలే. ఇరవై ఆరు మీద పావు ఉన్నది, గా పావు నాకు గుర్తుకు కూడ రాలే. లేసిన, తలుపు తీసిన, సలి మొఖానికి కొట్టింది, గోడ సుట్టు తిరిగి తూర్పు దిక్కుకు పోయిన.

బాలలక్ష్మి బోర్లిచ్చిన బకెట్ మీద కూసున్నది, శాలువ తలకాయ మీదికెళ్ళి కప్పుకొని. గుడ్డ లేదు, ఏం లేదు. అరచెయ్యి గొట్టం మూతికి పెట్టి ఉన్నది, దారం కట్టిన కాడ. నన్ను సూసి చెయ్యి తీయలే.

"ఏం చేస్తున్నవే" అన్న.

"గాలి వస్తుందో లేదో సూస్తున్న."

"ఎప్పటి సంది?"

"నువ్వు తలుపు ఏసుకున్నప్పటి సంది, జరసేపటికోసారి. ఆగితే తలుపు తీద్దామని కూసున్న. గడియ పెట్టినవేమోనని ఒక్కటే భయమయింది."

"చెయ్యి అడ్డం పెడితే గాలెట్ల పోతదే" అన్న.

ఆమె చెయ్యి తీసి సూసుకున్నది. వేళ్ళు సలికి ముడుసుకపోయినయి. "గది నాకు తెల్వలే" అన్నది. "సల్లగ వస్తుంది మరి. వేడి లోపట్నే ఉంచుకుంటుంది గదా, నువ్వు చెప్పింది గదే గదా. వెచ్చగ వస్తే ఖరాబైనట్టు, ఆగితే ఇంక ఖరాబైనట్టు."

మూడు నెలలు నేను గోడకు, శంకరవ్వకు, అల్లునికి చెప్పిన ముచ్చట, పక్కకు నిలవడి ఆమె ఒక్కతే విన్నది. నేను గోడకు ఒరిగి కింద కూసున్న. చెప్పాలె, చెప్పనీకి నోరు రాదు, ముప్పై ఎనిమిదేండ్లు మూసి పెట్టిన నోరు.

"బాలలక్ష్మీ, బెల్లంపల్లిల ఆ వెంటిలేటర్‌కు పర్దా..."

"ఎనిమిది మేకులు" అన్నది ఆమె. "పండుకొని లెక్కబెట్టిన, నువ్వు కొడ్తుంటే. తెల్లారి నువ్వు పీకింది గూడ సూసిన. మాట రాకపోయె గని, కండ్లు కనవడ్డయి."

"మరి ఎన్నడు అనకపోతివి."

"ఏమనాలె? సలి పెడుతుంది, గా పొక్క మూయమన్నది నేనే గదా. నువ్వెన్నడన్న అడుగుతవని సూసిన. కుంపటి గురించే అడిగినవ్."

రోడ్డు మీద మొదటి షిఫ్టుకు పోయే బస్సు పోయింది. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలే. ఆమె శాలువ అంచు ఇస్తదనుకున్న, ఇయ్యలే. లేసి మోకాళ్ళు పట్టుకొని నిలవడ్డది.

"గంట కాలే ఇంక" అన్నది. "నువ్వు మధ్యల తలుపు తీసినవ్, నీ పరీక్ష లెక్కకు రాదు. శంకరవ్వ ఎనిమిదింటికి వస్తది. ఇగ నేను కూసుంట లోపట. అప్పుడు లోపటున్నది నేనే, ఆడ ఎట్లుంటదో నాకు ఎరుక. నువ్వు గీడ కూసో."

"తలుపు గడియ పెట్టకు" అన్న.

"పెట్ట" అన్నది. పోతూ పోతూ మళ్ళ తిరిగి, "మూతి మూయకు. పక్కపొంటి పెట్టు చెయ్యి" అన్నది.

తలుపు దగ్గరికి ఏసిన సప్పుడు వినవడ్డది. గడియ సప్పుడు కోసం చెవి పెట్టిన, రాలే. బకెట్ మీద ఆమె కూసున్న కాడ వెచ్చగ ఉన్నది. గొట్టం మూతికి పక్కపొంటి చెయ్యి పెట్టిన. గాలి సల్లగ తాకింది, వేళ్ళ నడుమ నుంచి పోయింది, మళ్ళ వచ్చింది. ఎనిమిది కొట్టేదాక చెయ్యి తీయలే.